ఛత్తీస్‌గఢ్‌లో ఆహార సహాయం: చెరువు తవ్వినది ఎవరి సొమ్ముతో?

అమెరికా విదేశీ సహాయ సంస్థ యూఎస్ఎయిడ్ 2025 జూలై 1న మూతపడింది. ప్రపంచ ఆహార కార్యక్రమానికి అతిపెద్ద దాత అమెరికాయే కావడంతో, దశాబ్దాలుగా సాగిన ఆహార సహాయం పల్లెలకు ఏమి మిగిల్చిందన్న ప్రశ్న మళ్లీ ముందుకు వచ్చింది. ఈ చర్చలో ఛత్తీస్‌గఢ్ అనుభవం గమనించదగినది.

ఐక్యరాజ్యసమితికి చెందిన ఈ ఆహార కార్యక్రమం 1963 నుంచి భారతదేశంలో పనిచేస్తున్నది. మధ్యప్రదేశ్ అడవి ప్రాంతాల్లోనూ, 2000 నవంబరు 1న రాయపూర్ రాజధానిగా ఛత్తీస్‌గఢ్ ఏర్పడిన పిమ్మట అక్కడా, అటవీ పనులకు తోడ్పడింది. మొక్కలు నాటినవారికీ కందకాలు తవ్వినవారికీ అటవీ శాఖ కూలి ఇచ్చేది. అందులో కొంత మినహాయించుకొని, బజారు కంటే తక్కువ ధరకు తిండిగింజలు అందజేసేవారు. మినహాయించిన సొమ్ము ప్రత్యేక నిధిగా జమై చెరువులు, బావులు, మట్టికట్టల వంటి గ్రామ ఆస్తులకు ఖర్చయ్యేది.

నివేదికల్లో ఇవన్నీ విదేశీ సహాయంతో నిర్మించినవే. గింజలు బయటినుంచి వచ్చిన మాట నిజమే; చెరువు మీద పెట్టిన రూపాయి మాత్రం కూలివాని చేతినుంచి జారినది. అటువంటప్పుడు ఆ నిధితో ఏ పని చేపట్టాలో తేల్చవలసింది గ్రామసభయా, అటవీ అధికారియా? మూల్యాంకనం మొదట అడగవలసిన ప్రశ్న ఇదే. టన్నులు, పనిదినాల పట్టికల్లో దీనికి సమాధానం దొరకదు.

ఇక ధర సంగతి. 2006 ఫిబ్రవరిలో ఉపాధి హామీ చట్టం అమలులోకి వచ్చి నగదు కూలికి హక్కు కల్పించింది. 2007లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం పేద కుటుంబాలకు కిలో 3 రూపాయలకు నెలకు 35 కిలోల బియ్యం ఇవ్వసాగింది. 2012లో ఆహార భద్రతకు సొంత చట్టమే చేసుకున్నది. చౌకదుకాణంలో ఆ ధరకు బియ్యం దొరుకుతుంటే కూలి తగ్గించుకొని గింజలు తీసుకొనేదెవరు? గింజలకు గిరాకీ తగ్గడాన్ని పథక వైఫల్యంగా లెక్కించడం సరికాదు.

మన్నికను తేల్చడం మరింత కష్టం. రాయపూర్ పరిసరాల్లో కరవు పనులుగా చెరువులు తవ్వించడం కొత్త కాదు. 1899-1900 నాటి కరవులోనూ తవ్వించారు. నిస్తార్ హక్కుతో ఊరివారు వాడుకొనే చెరువుకు పూడిక తీసే నాథుడు ఉంటాడు. ఎవరిదో తెలియని చెరువుకు ఉండడు. పరిశీలకులు వానలు వెలిసిన వెంటనే వెళితే ప్రతి చెరువూ నిండుగానే కనిపిస్తుంది. పని ముగిసిన మూడు నాలుగేళ్లకు, వైశాఖంలో వెళ్లాలి.