అంగడి రాకెట్టు - ఇంటి రాకెట్టు

శ్రీహరికోటనుండి రాకెట్టు లేచు దినమున మన గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశము జిల్లాల పాఠశాలలలో తెరలు వెలుగును. బాలబాలికలు కరతాళధ్వనులు చేయుదురు. 2023 జూలై 14వ తేదీన చంద్రయానము-3 బయలుదేరినప్పుడు మేమును పొంగిపోయితిమి. కాని యొక ప్రశ్న యడుగక తప్పదు. చప్పట్లు చరచిన యా చేతులలో ఆకురాయి పట్టి రేకుముక్క యంచును నునుపుచేసిన చేతు లెన్ని? ఒంగోలునుండి ఇన్నూరు కిలోమీటర్లకు అటునిటుగ లోకప్రసిద్ధమైన రాకెట్టు కేంద్రము నుంచుకొని, మన పిల్లలను ప్రేక్షకులుగ పెంచుచున్నాము.

కలిగినవారు కొందరు నమూనా రాకెట్టు పెట్టెను అంగడిలో కొని బిడ్డ చేతికిచ్చి విజ్ఞానము నేర్పితిమని తృప్తిపడుచున్నారు. అందు రెక్కలు ముందే కత్తిరించి యుండును, రంధ్రములు ముందే పొడిచి యుండును. బాలుడు జిగురు పూయును, ఎగురవేయును, మరచిపోవును. రెక్క యేల నా చోటనే యుండవలయునో వాని కెన్నటికిని తెలియదు; తప్పుగ నతికించి నేర్చుకొను నవకాశమే వానికి లేకపోయెను గదా!

ఈ విషయమున చరిత్ర మనకు రెండు పాఠములు చెప్పుచున్నది. 1780లో కర్నల్ బెయిలీ మన గుంటూరునుండి దక్షిణమునకు నడిపించుకొనిపోయిన ఆంగ్లసేన సెప్టెంబరు 10వ తేదీన కంచి చెంత పొల్లిలూరులో హైదరాలీ, టిప్పుల చేత చిక్కి నశించెను. మైసూరు రాకెట్ల ధాటికి ఆంగ్లేయుల మందుగుండు బండ్లు ప్రేలిపోయెనని ప్రసిద్ధి. ఆ రాకెట్ల బలము కమ్మరి నేర్పునందున్నది. కాగితపు గొట్టము తాళజాలని యొత్తిడిని ఇనుపగొట్టము తాళెను. 1799లో శ్రీరంగపట్టణము పడిన పిమ్మట ఆ రాకెట్లు ఇంగ్లండునకు చేరెను. విలియం కాంగ్రీవు అట్టివానిని ఊల్విచ్‌లో పరీక్షించి, కొలిచి, మార్చి, తన పేరు పెట్టుకొనెను. 1807లో కోపెన్‌హేగన్ నగరముపై అవియే కురిసెను. మన కమ్మరుల పేళ్లు చరిత్ర కెక్కలేదు. చేయి మనది, కొలత వారిది, గెలుపు కొలతదాయెను.

రెండవ పాఠము స్వతంత్ర భారతమునది. 1963 నవంబరు 21వ తేదీన తుంబానుండి లేచిన తొలి రాకెట్టు అమెరికావారి నైకీ-అపాచీ. మనవారు దానితో తృప్తిపడి కూర్చుండలేదు. 1967 నవంబరు 20వ తేదీన 75 మిల్లీమీటర్ల వ్యాసముగల రోహిణి-75ను తామే నిర్మించి యెగురవేసిరి. చిన్నదే, కాని మనది. అట్టి చిన్నవానితో చేయితిరిగినందుననే 1980 జూలై 18వ తేదీన శ్రీహరికోటనుండి ఎస్.ఎల్.వి.-3 రోహిణి ఉపగ్రహమును కక్ష్యలో నిలిపెను.

"పిల్లలకు అగ్నితో చెలగాటమా?" యని పెద్ద లడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. ఇంట మందు నూరుమని మేము చెప్పము. 1884 నాటి ప్రేలుడు పదార్థముల చట్టము పరప్రభుత్వము చేసినదైనను ఈ పట్టున ప్రాణరక్షకమే. కల్లములలో మిరప యెండుచు, వసారాలలో పత్తి నిలువయుండు సీమలో నొక్క నిప్పురవ్వ చాలును. అయితే నిప్పు లేని రాకెట్టు గలదు. ప్లాస్టికు పానీయపు సీసాలో మూడవవంతు నీరు పోసి, సైకిలు ట్యూబు వాల్వును గ్రుచ్చిన బిరడా బిగించి, తలక్రిందుగ నిలిపి, పంపుతో గాలి కొట్టిన, నీరు క్రిందికి చిమ్మును, సీసా మీదికి లేచును. శ్రీహరికోటలో పనిచేయు న్యూటను సూత్రమే యిందును పనిచేయును. గాజుసీసా గాని, గీతలుపడిన సీసా గాని కూడదు. అందరును దూరముగ నుండవలయును. ఉపాధ్యాయుడు దగ్గర నుండి చేయించవలయును.

పనిముట్లును ఇంటనే సిద్ధమగును. పాత అట్టలు రెక్కలకు, వెదురు నిలువుపీటకు చాలును. కోణమాపకమునకు దారముతో చిన్న గుండు వ్రేలగట్టిన ఎత్తును కొలుచు యంత్రమగును. చదునునేలపై 50 మీటర్ల దూరమున నిలిచి చూడగా 45 డిగ్రీల కోణము వచ్చిన, రాకెట్టు కంటిమట్టమునకు పైన 50 మీటర్లు లేచినట్లే. ఖాళీ రాకెట్టును బరువు సరితూగు చోట దారముకట్టి గిరగిర త్రిప్పినప్పుడు ముక్కు ముందుగ సాగిన రెక్కలు సరిపోయినట్లు. తోక ముందైన, ముక్కున బరువు పెంచవలయును, లేదా రెక్కలు పెద్దవి చేయవలయును. చేయి పెట్టి, తప్పి, సరిదిద్దుకొన్నవానికే యీ జ్ఞానము నిలుచును.

"ఇందువలన మార్కులు వచ్చునా?" యనువారు గలరు. రాకపోవచ్చును. కాని కొలుచుట తెలియని ర్యాంకులు దేశమునకు పరుల యంత్రములు కొనిపెట్టు గుమాస్తాలనే యిచ్చును. మనవారికి చేతిపని రాదనువారు మహాశివరాత్రినాడు కోటప్పకొండ తిరునాళ్లకు పోయి చూడవలయును. తాటిచెట్ల యెత్తును మించిన ప్రభలను వెదుళ్లతో, మోకులతో, చూపు కొలతతో నిలబెట్టువారు మన పల్లె రైతులే. ఆ నేర్పునకు కాగితము, లెక్క తోడుచేయుటయే మిగిలినది.

చదువరులారా! 1918లో వేటపాలెమున సారస్వత నికేతనమును నెలకొల్పిన పెద్దలు పరప్రభుత్వము గ్రంథములిచ్చునని కాచుకొని కూర్చుండలేదు. నేడు ప్రతి పఠనమందిరమునందును పుస్తకముల బీరువా ప్రక్కన నొక పనిబల్ల వేయింపుడు. దానిపై రంపము, సుత్తి, ఆకురాయి, కొలబద్ద యుంచుడు. ఊరి కమ్మరిని, వడ్రంగిని గురువులుగ పిలువుడు. ఎగిరిన ప్రతి సీసా యెత్తును నోటుపుస్తకమున వ్రాయింపుడు. అంగడి పెట్టె వచ్చువరకు వేచియుండు బాలుడు రేపు కొనువా డగును. తన చేతితో చేసి కొలిచిన బాలుడే రేపు కట్టువా డగును.