పాత ఎక్స్‌పీకి మెహమాన్‌ఖానా చాలు

మార్కాపురం, గిద్దలూరు, కంభం... ఏ బజారులో అయినా డీటీపీ చేసే భాయీలది ఒకటే జిద్దు: "ఎక్స్‌పీ మిషను నడుస్తోంది కదా, దాన్ని కదిలించొద్దు."

ఈ మాటే మన రాతలకు దుష్మన్ అంటాను నేను. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు 2014 ఏప్రిల్ 8నే ఖతం అయింది. ఆ డబ్బాలోని హార్డ్ డిస్కు ఒక్కరోజు మొరాయిస్తే? పేజ్‌మేకర్‌లో పాత అను ఫాంట్లతో కొట్టిన మస్జిద్ కమిటీ హిసాబులు, పాత ఇన్‌పేజ్‌లో కొట్టిన ఉర్దూ షాదీ రుఖాలు, బుజుర్గుల రాతలు అన్నీ దానితోపాటే ఖబరస్తాన్‌కు పోతాయి.

ఇలాజ్ ఉంది. కొత్త కంప్యూటర్ లోపలే ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్‌ను నిలబెట్టి, అందులో ఎక్స్‌పీ వేసుకోవచ్చు. దీన్నే వర్చువల్ మిషన్ అంటారు. ముందు బయోస్‌లో వర్చువలైజేషన్ ఆన్ చేయాలి. తర్వాత 512 ఎంబీ మెమరీ, 20 జీబీ జాగా ఇస్తే ఎక్స్‌పీకి బేఫికర్.

ఏ సాఫ్ట్‌వేర్ వేయాలి? విండోస్ హోమ్ ఎడిషన్‌లో హైపర్-వీ రాదు. వీఎంవేర్ వర్క్‌స్టేషన్ ప్రో 2024 నవంబరు నుంచి దుకాణాలకు కూడా ముఫ్తే, సాఫీగానే నడుస్తుంది. లేకిన్ దాని మాలిక్ ఇప్పుడు బ్రాడ్‌కామ్. డౌన్‌లోడ్ చేయాలంటేనే వాళ్ల దగ్గర ఖాతా తెరవాలి. ఇవాళ ముఫ్తుగా ఇచ్చినవాడు రేపు పైసలడిగితే మన దగ్గర జవాబుండదు. అందుకే నా ఓటు ఒరాకిల్ వారి వర్చువల్‌బాక్స్‌కు. దాని మూల ప్యాకేజీ జీపీఎల్ లైసెన్సుది. మీ చేతికొచ్చిన వెర్షన్‌పై హక్కును ఎవరూ గుంజుకోలేరు. ఖబర్దార్, దాని ఎక్స్‌టెన్షన్ ప్యాక్ మాత్రం సొంత వాడకానికి, చదువులకే ముఫ్తు. దుకాణంలో వేయొద్దు. ఎక్స్‌పీ కూడా అసలు లైసెన్సుతోనే వేయండి.

ఇందులో పెద్ద ఫాయిదా స్నాప్‌షాట్. ఏది చెడినా మన మార్కాపురం పలకలా తుడిచి మళ్ళీ మొదలుపెట్టొచ్చు. పలక తుడిస్తే రాసినదీ పోతుంది కదా, అందుకే పని ఫైళ్ళను బయట షేర్డ్ ఫోల్డర్‌లో ఉంచండి. ఎక్స్‌పీకి నెట్ కనెక్షన్ తీసేయండి.

ఇంతటితో అయిపోయిందని కూర్చుంటే మళ్ళీ అదే పాత జిద్దు. ఎక్స్‌పీ మెహమానే గానీ ఇంటి మనిషి కాదు. అనుకు, ఇన్‌పేజ్‌కు యూనికోడ్ కన్వర్టర్లు ఉన్నాయి. మార్చినప్పుడు ఒత్తులు, నుక్తాలు తప్పొచ్చు. ఒక పక్క ఎక్స్‌పీలో అసలు పేజీ తెరుచుకుని, రెండో పక్క సరిచూసుకోండి. వర్చువల్ మిషన్ అసలు పని ఇదే. రోజుకు రెండు ఫైళ్ళు చాలు. రేపు మన పిల్లలు ఫోనులో వెతికితే వాళ్ల దాదా పేరు దొరకాలి.