అడవిలో అన్నం ఎవరు పెట్టారు?

2022 దాకా మన బండారులంక, రంపచోడవరం ఒకే జిల్లా. అంటే అల్లూరి సీతారామరాజుది మనింటి కథే. సినిమాల్లో బాణాలు, తుపాకులు చూశాం. మరి ఆ దళం ఏం తిని పోరాడింది?

1922 ఆగస్టు 22, 23, 24. వరసగా మూడు రోజులు, మూడు స్టేషన్లు: చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి. 26 తుపాకులు పట్టుకెళ్లారు. ఏం తీసుకున్నారో రాసిపెట్టి మరీ! సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో ఇద్దరు బ్రిటిష్ ఆఫీసర్లు హతం. రాజు ప్లానుకి కొండదారులు తెలిసిన గాం గంటందొర, మల్లుదొర తోడయ్యారు.

కానీ అడవిలో తుపాకీ కంటే బియ్యం కరువు. గూడేల్లో పెట్టే అన్నమే వాళ్ల రేషన్. సర్కారుకి ఈ సంగతి అర్థమైంది. మలబారు పోలీసుల్ని, అస్సాం రైఫిల్స్‌ని దింపింది. గూడేల మీద పడి, దళానికి తిండి అందకుండా చేసింది. ఆకలితో, జ్వరాలతో దళం చిక్కిపోయింది. 1924 మే 7న రాజుని కాల్చేశారు, జూన్‌లో గంటందొరని. అంతకుముందే పట్టుబడిన మల్లుదొర శిక్ష అనుభవించి, 1952లో ఎంపీ అయ్యాడు.

నాయకుడికి విగ్రహాలు పెట్టుకున్నాం, మంచిదే. దెబ్బలు తింటామని తెలిసీ ముద్ద పెట్టిన ఆ గూడేల అమ్మల పేర్లు మాత్రం ఏ శిలాఫలకం మీదా కనపడవు. ఈసారి దండ వేసేటప్పుడు వాళ్లనీ తలుచుకోండి.