గొర్రెపిల్ల కథ, పులి మీద ప్రియ



సెలవులు వస్తే తల్లిదండ్రులు మమ్మల్ని అడిగే ప్రశ్న ఒకటుంది. "అయ్యగారూ, పిల్లోళ్లు ఎప్పుడు చూసినా ఆ స్పైడర్‌మ్యాన్, ఆ హల్క్ బొమ్మలే. బైబిలు ముట్టరు. లాగేసుకోవాల్నా, పోనీలే అనుకోవాల్నా?" కొందరు సేవకులు ఒక్కమాటలో తేల్చేస్తారు: అది లోకము, అవతల పారేయండి. మేము అలా చెప్పము.

దావీదు రాజును గద్దించడానికి నాతాను ప్రవక్త వెళ్లినప్పుడు ధర్మశాస్త్రము విప్పి చదవలేదు. ఒక పేదవాడు, వాడికున్న ఒకే ఒక్క గొర్రెపిల్ల, దాన్ని లాక్కున్న ధనవంతుడు - ఇంతే చెప్పాడు (2 సమూయేలు 12). రాజు కథ అనుకొని విన్నాడు, కోపముతో లేచాడు, ఆ తరువాత గదా ఆ ధనవంతుడు తానేనని తెలిసింది. నేరుగా చెప్పివుంటే వినేవాడా? పెద్దవాళ్ల పాపము గురించి పెద్దవాళ్లకు చెప్పాలంటే కొన్నిసార్లు గొర్రెపిల్ల కావాలి.

బొమ్మల పుస్తకాలు పుట్టినప్పటి నుండి ఈ పని చేస్తూనే ఉన్నాయి. 1938లో సూపర్‌మ్యాన్‌ను సృష్టించిన ఇద్దరు కుర్రాళ్లూ వలస వచ్చిన యూదుల బిడ్డలు. కెప్టెన్ అమెరికా మొదటి సంచిక 1940 డిసెంబరులో అంగళ్లకు వచ్చింది. దాని అట్ట మీద వీరుడు హిట్లరు దవడ పగలగొడుతున్నాడు. అమెరికా యుద్ధములో దిగడానికి ఇంకా ఏడాది ఉంది. దాన్ని గీసిన వారూ యూదులే. ఐరోపాలో తమ జనానికి జరుగుతున్నది చూసి ఊరుకోలేకపోయారు.

మన దేశములో మేము చెప్పదలచినది ప్రియ గురించి. 2012 డిసెంబరులో ఢిల్లీ బస్సులో జరిగిన ఘోరము తరువాత, భారతీయ అమెరికన్ అయిన రామ్ దేవినేని మరికొందరితో కలిసి 2014లో 'ప్రియాస్ శక్తి' అనే కామిక్ తెచ్చారు. ప్రియ పల్లెటూరి పిల్ల. ఆమె మీద అత్యాచారము జరిగితే ఇంటివాళ్లే తప్పు ఆమెదే అంటారు. ఊరు వెలేస్తే అడవికి పోతుంది. అక్కడ తనను వెంటాడిన పులి మీదనే ఎక్కి తిరిగి ఊళ్లోకి వస్తుంది. 2016లో వచ్చిన రెండవ పుస్తకము యాసిడ్ దాడికి గురైన అక్కచెల్లెళ్ల గురించి, 2019లో వచ్చిన మూడవది అమ్ముడుపోతున్న ఆడపిల్లల గురించి.

ఆ కథలో పార్వతీదేవి వస్తుంది. అది మన విశ్వాసము కాదు, దాచిపెట్టే పని లేదు. అయితే ఆ ఒక్క కారణముతో పుస్తకము మూసేసే ముందు ఒక సంగతి ఆలోచించాలి. ప్రియను వెలివేసింది రాక్షసులు కాదు, అమ్మానాన్నలు, ఊరి పెద్దలు. మన సంఘాలలో భర్త కొట్టాడని ఏడుస్తూ వచ్చిన చెల్లెలికి "సర్దుకో తల్లీ, ప్రార్థన చేసుకో" అని చెప్పి పంపే పెద్దలు లేరా? కొట్టినవాడు వచ్చే ఆదివారము కానుక పళ్లెము పట్టుకొని నిలబడటం లేదా? ఆ మాట పల్పిటు మీద నుండి రావాల్సింది, కామిక్ పుస్తకములో వచ్చింది. సిగ్గు పడవలసింది పుస్తకము కాదు.

ఇంత చెప్పినా, సూపర్‌హీరో కథలో మాకు నచ్చనిది ఒకటుంది. ఒక్కడే వస్తాడు, ఒక్కడే కొడతాడు, జనము చుట్టూ నిలబడి చూస్తారు. ఇది మన సీమకు కొత్త కాదు. సినిమావాళ్లకు ఆళ్ళగడ్డ అంటే సుమోలు, నాటుబాంబులు, తొడ కొట్టే రెడ్డి. రాళ్లలోనుండి ప్రాణమున్నట్టు రూపాలు తీసే శిల్పుల ఊరు అది, ఆ సంగతి ఎవ్వరూ తీయరు. ఆ హీరో కోసము ఎదురుచూసే అలవాటు తెర మీదే ఆగిపోతే పోనీలే అనుకుందుము. 2019 డిసెంబరు 6న చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితులు పోలీసు కాల్పులలో చనిపోతే జనము పోలీసుల మీద పూలు చల్లారు. విశ్వాసులు కూడా స్టేటస్‌లు పెట్టుకున్నారు. 2022లో సుప్రీంకోర్టు వేసిన కమిషను ఆ పోలీసు కథనము నమ్మదగినది కాదనీ, నలుగురిలో ముగ్గురు మైనర్లనీ తేల్చింది. అప్పటికి పూలు వాడిపోయాయి.

మోషే కూడా మొదట ఈ దారినే పోయాడు. ఐగుప్తీయుని ఒక్కడే చంపి ఇసుకలో పాతిపెట్టాడు. ఏమైంది? ఒక్క బానిస కూడా విడుదల కాలేదు, తాను మాత్రం మిద్యానుకు పారిపోయాడు. ఎనభై ఏళ్ల వయసులో చేతికర్రతో తిరిగి వచ్చినప్పుడు ముసలివాళ్లు, చంటిపిల్లల తల్లులు, పశువులు అందరూ కలిసి నడిచారు.

అందుకే మాకు అన్నిటికన్నా ఇష్టమైన కామిక్‌లో ఎగిరేవాడే లేడు. 1957లో అమెరికాలో పది సెంట్లకు ఒక చిన్న పుస్తకము అచ్చు వేశారు. మార్టిన్ లూథర్ కింగ్, మోంట్‌గోమరీ బస్సుల బహిష్కరణ దాని కథ. కింగ్ మనలాంటి పాస్టరే. 381 రోజులు వంటమనుషులు, పనిమనుషులు బస్సు ఎక్కకుండా కాలినడకన పోయారు. ఆ పుస్తకము చదివిన కుర్రాళ్లలో ఒకడు జాన్ లూయిస్. పెద్దయ్యాక కాంగ్రెసు సభ్యుడైనా మరచిపోలేదు, తన పోరాటాన్ని కూడా 'మార్చ్' అని బొమ్మల పుస్తకముగానే చెప్పాడు.

ముత్యాలపాడులో, నంద్యాలలో ఎస్.పి.జి. దొరలు సువార్త చెప్పిన రోజుల్లో మొదట వచ్చినవాళ్లు ఊరి బావి దగ్గరికి రానివ్వనివాళ్లు. ఆ సంగతి మన పిల్లలకు ఎవరైనా చెప్తున్నామా? హల్క్ పేరు తెలిసిన పిల్లోనికి తన జేజి నీళ్ల కోసము ఎక్కడ నిలబడిందో తెలియదు. బొమ్మలు చూసినందుకు వాణ్ణి తిట్టే ముందు ఈ కథ వానికి చెప్పాలి కదా.

ఈ మే నెల వి.బి.ఎస్.లో పిల్లలతో ఒక కామిక్ గీయిద్దామనుకుంటున్నాము. సంఖ్యాకాండము 27లోని సెలోపెహాదు కుమార్తెలు - మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా. తండ్రి పొలములో తమకు భాగము ఇవ్వాలని అయిదుగురు ఆడపిల్లలు మోషే ముందు, సమాజమంతటి ముందు నిలబడి అడిగారు, దేవుడు వాళ్లు చెప్పినది న్యాయమే అన్నాడు. మన ఇళ్లలో ఆడపిల్ల పొలము మాట ఎత్తితే ఏమౌతుందో మనకు తెలుసు కాబట్టి, తండ్రులు కూడా ఆ వారము వచ్చి కూర్చుంటే బాగుంటుంది. చార్టులు, స్కెచ్ పెన్నులు నంద్యాల నుండి మేము తెస్తాము. ఎవరింట్లోనైనా పాత కామిక్సు ఉంటే పారేయకండి, డబ్బాలు ఎట్లా గీయాలో పిల్లలకు చూపడానికి పనికొస్తాయి. చర్చి వాచ్‌మన్ దగ్గర ఇచ్చి వెళ్లండి.