టైరు మిషను వద్దు, పానా పట్టడం నేర్పిద్దాం



పోయిన వారం మన గ్రూపులో ఒక అబ్బాయి వీడియో పెట్టినాడు. ఇంటి ముందర, ముగ్గు పక్కనే, తన కారు నాలుగు చక్రాలూ ఊడదీసి, రెండు లీవర్లతో పాత టైర్లు పీకి, కొత్తవి తానే ఎక్కించుకున్నాడు. చివర్లో గాలి పట్టగానే టైరు 'ఢప్'మని డిస్కుకు కూర్చుంది. కింద చప్పట్ల బొమ్మలే బొమ్మలు. నేనూ ఒకటి వేసినాను, అబద్ధం చెప్పను. మరునాడే ఇంకొకరు ప్రతిపాదన పెట్టినారు: సంఘం నిధిలోంచి సెకండ్‌హ్యాండు టైరు మిషను ఒకటి, బ్యాలెన్సింగ్ మిషను ఒకటి కొని మండపం వెనక షెడ్డులో పెడదాం, ఎవరి టైర్లు వాళ్లే మార్చుకోవచ్చు, డబ్బు మిగులుతుంది అని. వచ్చే నెల మీటింగులో అది చర్చకు వస్తుంది. నా అభిప్రాయం ముందే రాసి పెడతాను. తిట్టేవాళ్లు మీటింగుకు వచ్చి తిట్టండి, మనిషి తక్కువైతే కోరం ఎట్లాగూ కుదరడం లేదు.

మిషను వద్దంటాను. అట్లని చెయ్యి నల్లగా చేసుకోవద్దని అనను. ఈ రెండిటికీ మధ్య గీత ఎక్కడో చెప్పడానికే ఇంత రాస్తున్నాను.

మా నాయనకు బజాజ్ చేతక్ ఉండేది. నా వయసు వాళ్లకు గుర్తుంటుంది, ఆ స్కూటరుకు ముందు చక్రం, వెనక చక్రం, స్టెప్నీ మూడూ ఒకటే సైజు. డిస్కు రెండు చిప్పలుగా ఉంటుంది, మధ్యలో ట్యూబు, రెండు చిప్పలనూ నట్లతో బిగించి ఉంటారు. టైరు లీవరే అక్కర్లేదు. పంచరైతే నాయన వాకిట్లో గోనెసంచి పరిచి కూర్చునేవాడు. మొదట చేసే పని ఒకటే: వాల్వు పిన్ను నొక్కి గాలి అంతా వదిలేయడం. 'చక్రాన్ని బండికి పట్టే నట్లు వేరే, చిప్పల్ని పట్టే నట్లు వేరే. గాలి ఉండంగా చిప్పల నట్లు విప్పితే మొగానికి తగులుతాది రా' అని ప్రతిసారీ చెప్పేవాడు. అప్పుడు చాదస్తం అనుకున్నాను. టైరు పనిలో ఉన్న పాఠమంతా ఆ ఒక్క మాటలోనే ఉందని ఇప్పుడు అనుకుంటాను. లోపల ఉన్నది ఉత్త గాలి కాదు, నొక్కి పెట్టిన గాలి.

బైకు చక్రం ఇంట్లో చేసుకోవచ్చు. చేసుకోవాలి కూడా. ట్యూబు ఉన్న బైకు టైరు మార్చడం ఒక ఆదివారం పొద్దున పని. వాల్వు పిన్ను తీసేసి, టైరు అంచును రెండు పక్కలా తొక్కి వదులు చెయ్యాలి. కిటుకు అంతా ఒకచోటే ఉంది. డిస్కు నడిమి భాగం లోతుగా కాలువలాగా ఉంటుంది. మీరు ఈ పక్క లీవరుతో ఎత్తుతూ ఉంటే, ఆ పక్క అంచు ఆ కాలువలోకి దిగి ఉండాలి. అప్పుడే ఇక్కడ వదులు దొరుకుతుంది. అది తెలియని వాళ్లు బలం పెడతారు. బలం పెడితే ట్యూబు చిరుగుతుంది, లేదా అంచులో ఉన్న ఇనుప తీగ దెబ్బ తింటుంది. ఎక్కించేటప్పుడు సబ్బునీళ్లు పూసి, చివరి బెత్తెడు వాల్వు దగ్గర వచ్చేట్టు చూసుకోండి. టైరు పక్కన బాణం గుర్తు ఉంటుంది, చక్రం తిరిగే దిక్కు అది. నేను ఒకసారి తిరగేసి ఎక్కించి, మళ్లీ అంతా పీకినాను. మా ఆవిడ ఇప్పటికీ ఎవరు వచ్చినా ఆ కథ చెబుతుంది.

బ్యాలెన్సు కూడా బైకు చక్రానికి ఇంట్లోనే చూసుకోవచ్చు. ఇరుసు రెండు కొసలనూ రెండు సమానమైన ఆసరాల మీద పెట్టి చక్రాన్ని మెల్లగా తిప్పి వదిలితే, బరువు ఎక్కువున్న చోటు కిందికి వచ్చి నిలుస్తుంది. దానికి సరిగ్గా ఎదురు, పైన, చిన్న బరువు అంటించాలి. ఎక్కడ వదిలితే అక్కడ నిలిచేదాకా గ్రాములు మార్చుకుంటూ పోవాలి. బేరింగు బిర్రుగా ఉన్నా, బ్రేకు ఒరుసుకుంటున్నా ఈ లెక్క తప్పుతుంది, ముందు అవి చూసుకోండి. బైకు చక్రం సన్నం కాబట్టి ఇది చాలు.

కారు చక్రం వెడల్పు. అక్కడ కథ మారుతుంది. బరువు పైకీ కిందికీ సరిపోయినా, లోపలి అంచున ఒక పక్క, బయటి అంచున దానికి ఎదురు పక్క ఎక్కువగా ఉంటే, నిలబడిన చక్రం శుభ్రంగా నిలుస్తుంది, తిరిగే చక్రం మాత్రం అటూ ఇటూ ఊగుతుంది. దీన్ని పట్టుకోవాలంటే చక్రాన్ని మిషను మీద తిప్పి, లోపలికి ఎన్ని గ్రాములు, బయటికి ఎన్ని గ్రాములు అని విడిగా చూడాలి. ఇంట్లో నీటి బుడగ పెట్టి చూసే సాధనంతో అది దొరకదు. 20 గ్రాములంటే ఎంత, అంటారు. 13 అంగుళాల డిస్కున్న చిన్న కారు గంటకు 100 కిలోమీటర్ల మీద పోతుంటే చక్రం సెకనుకు సుమారు 15 సార్లు తిరుగుతుంది. డిస్కు అంచున ఎక్కువున్న ఆ 20 గ్రాములు అప్పుడు దాదాపు మూడు కిలోల బరువుతో లాగినట్టు లాగుతాయి. సెకనుకు 15 సార్లు, బేరింగును, స్టీరింగు కీళ్లను. మనం హోసూరు నుంచి బెంగళూరుకు, కృష్ణగిరికి పోయే రోడ్డు ఎట్లాంటిదో మీకు నేను చెప్పాలా.

ఇప్పుడు నా సిగ్గు కథ. ఆరేళ్ల కిందట నేనూ ఆ వీడియో పిల్లవాడి లాగే చేసినాను. పాత వ్యాగన్ ఆర్‌కు రెండు టైర్లు ఇంట్లోనే ఎక్కించినాను. సాయంత్రం దాకా పట్టింది, మోచేతులు గీరుకుపోయినాయి, కానీ ఎక్కినాయి. బ్యాలెన్సు చేయించలేదు. అసలు తప్పు అది కూడా కాదు. డిస్కు ఆనే చోట తుప్పు, మట్టి గీకలేదు. కారు జాకీ మీద ఉండంగానే నట్లు బిగించి, 'అయిపోయింది' అని దించేసినాను. దించినాక మళ్లీ పానా పెట్టలేదు. మరుసటి రోజు కుప్పంలో పెళ్లి. అందరం ఎక్కినాము. శూళగిరి దాటినాక టక్ టక్‌మని శబ్దం. టైరులో రాయి ఇరుక్కుందని నేను. వెనక కూర్చున్న మా అక్కయ్య, బావతో లారీలో ఊర్లు తిరిగిన మనిషి, 'ఒరే, అది రాయి శబ్దం కాదు, నిలుపు' అనింది. నిలిపి చూస్తే నాలుగు నట్లలో ఒకటి లేదు, రెండు వేలితో తిరుగుతున్నాయి. డిస్కు బొక్కలు కోలగా అరిగినాయి. అక్కయ్య ఒడిలో మనవరాలు నిద్ర పోతోంది. ఇంకో పది కిలోమీటర్లు నా రాయి వాదన గెలిచి ఉంటే ఏమయ్యేదో నేను రాయను.

ఆ రోజు నన్ను ముంచింది టైరు ఎక్కించడం కాదు, నట్టు బిగించడం. అదే మనం ఎవరికీ నేర్పని పని. మా కారు పుస్తకంలో చక్రం నట్టుకు 85 న్యూటన్ మీటర్లు అని రాసి ఉంది. అంటే అర మీటరు పొడవున్న పానా కొసన 17 కిలోల బరువు వేలాడదీసినంత. మనవాళ్లు చేసేదేమిటి? 30 సెంటీమీటర్ల పానా మీద 70 కిలోల మనిషి ఎక్కి నిలబడతాడు. అది రెండున్నర రెట్లు. బోల్టు సాగుతుంది, తరువాత ఎప్పుడో తెగుతుంది. తక్కువైతే నా కథ, ఎక్కువైతే అది. మీ బండికి ఎంతో మీ బండి పుస్తకంలో చూడండి, నా అంకె వాడకండి.

గాలి దగ్గరికి వస్తాను. ట్యూబులెస్ టైరు అంచు డిస్కుకు కూర్చోవాలంటే గాలి ఒక్కసారిగా, ఎక్కువగా రావాలి. ఇంట్లో ఉండే చిన్న పన్నెండు వోల్టుల పంపు అంత గాలి ఇవ్వలేదు. కూర్చోదు. అప్పుడు మనిషికి దుర్బుద్ధి పుడుతుంది. వీడియోల్లో చూపించినట్టు లోపల స్ప్రే కొట్టి అగ్గిపుల్ల గీస్తారు. లేదా ఎవరి దగ్గరో పెద్ద కంప్రెసరు తెచ్చి, కూర్చునేదాకా పట్టుతూనే ఉంటారు. కారు టైరు 40 పీఎస్ఐ లోపల కూర్చోకపోతే ఆపేయాలి, గాలి వదిలి, సబ్బునీళ్లు మళ్లీ పూసి, అంచు ఎక్కడ తట్టుకుందో చూడాలి. లోపలి తీగ ముందే దెబ్బ తిని ఉంటే బయటికి కనబడదు, గాలి పట్టేటప్పుడే తెగుతుంది. దాని మీదికి వంగి చూస్తున్న మొగం ఎవరిదన్నదే ప్రశ్న.

మన సంఘంలో లారీలు, ట్రాక్టర్లు ఉన్న వాళ్లు చాలామంది. షెడ్డులో మిషను, కంప్రెసరు పెడితే రేపు ఎవరో ఒకరు ట్రాలీ చక్రం దొర్లించుకుంటూ వస్తారు, 'ఇది కూడా చూడు తమ్ముడూ' అంటూ. రింగు వేసి బిగించే పాత రకం డిస్కులుంటాయి. ఆ రింగు సరిగ్గా గాడిలో కూర్చోకుండా గాలి పడితే ఎగిరిపోతుంది, దాని ముందర మనిషి నిలవడు. తెలిసిన కొట్లలో ఇనుప బోనులో పెట్టి దూరం నుంచి గాలి పడతారు. మన షెడ్డుకు బోను ఎవరు కడతారు? ఒక సభ్యుడు ఇంకొక సభ్యుడి చక్రం ఎక్కించి, అది రోడ్డు మీద ఊడితే ఎవరు జవాబు చెబుతారు? కోశాధికారా? చిట్టీ కట్టలేదని తగవు వస్తే తీర్చుకోగలం. వేలు పోతే తీర్చలేం.

'కొట్టువాళ్లు మాత్రం సరిగ్గా చేస్తారా?' అని అడుగుతారు, నాకు తెలుసు. నిజమే. మా వీధి చివర కొట్టులో ఒకసారి పాత సీసం ముక్కలు తీయకుండానే బ్యాలెన్సింగ్ చేసి డబ్బు తీసుకున్నారు. అందుకే పని తెలిసిన గిరాకీగా పోవాలంటాను. మిషను ఎక్కించే ముందు డిస్కు లోపలి మట్టి గీకమనండి, పాత వెయిట్లు పీకమనండి. వెయిట్లు కొట్టినాక ఇంకొకసారి తిప్పించి, రెండు పక్కలా సున్నా వచ్చిందా అని మీ కళ్లతో చూడండి. కొత్త టైరు మీద పసుపు చుక్క ఉంటే అది టైరులో తేలికైన చోటు, సరిగ్గా వాల్వు పక్కనే వచ్చేట్టు పెట్టి ఎక్కించమనండి, వెయిట్లు తగ్గుతాయి. టైరు పక్కన నాలుగు అంకెల ముద్ర చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం చేసిన టైరు అన్నమాట. 'కొత్తది సార్' అన్న మాట కంటే ఆ ముద్ర నిజం. కొట్టులో అరవం మాట్లాడాలో కన్నడం మాట్లాడాలో అని మొహమాట పడకండి. మనకూ కన్నడం వాళ్లకూ అది గాలే, అరవం వాళ్లకు కాత్తు. అంకెలు అందరికీ ఒకటే.

ఇంకొక గందరగోళం. స్టీరింగు వణికితే అలైన్‌మెంట్ చేయించి, తగ్గలేదని తిట్టుకుంటారు. 80 దాటినాక స్టీరింగు వణికితే ముందు చక్రాల బ్యాలెన్సు చూడండి, సీటు వణికితే వెనక చక్రాలది. బండి ఒక పక్కకు లాగితే మొదట గాలి సమానంగా ఉందా చూసి, తరువాతే అలైన్‌మెంట్.

కాబట్టి నేను మీటింగులో పెట్టబోయే మాట ఇది. మిషను కొనవద్దు. ఒక మంచి టార్క్ రెంచి, ఒక నమ్మకమైన గాలి మీటరు, రెండు స్టాండ్లు, చక్రానికి అడ్డం పెట్టే చెక్కలు కొందాం. ఒక ఆదివారం మండపం వాకిట్లో అందరికీ నేర్పిద్దాం: స్టెప్నీ వేయడం, నేల మీద ఉండంగానే నట్లు అర చుట్టు వదులు చేయడం, ఎదురెదురుగా బిగించడం, దించినాక లెక్క ప్రకారం మళ్లీ బిగించడం, 50, 100 కిలోమీటర్లు పోయినాక ఇంకొకసారి చూడడం. బైకు టైరు ఎక్కించడం కూడా, కావలసిన వాళ్లకు. నేర్పేవాళ్లను వెతకాల్సిన పని లేదు. మన ఊర్లోనే టీవీఎస్, అశోక్ లేలాండ్ ఫ్యాక్టరీలు ఉన్నాయి. ఆ లైన్లలో రోజూ నట్లు లెక్కగా బిగించే పిల్లలు మన ఇండ్లలోనే ఉన్నారు. మీటింగులో వెనక వరసలో కూర్చుంటారు, ఎవరూ వాళ్లను మాట్లాడమని అడగరు. స్కూటీ మీద కాలేజీకి పోయే ఆడపిల్లలు ముందు వరసలో ఉండాలి. ఆ వీడియో పెట్టిన అబ్బాయి కూడా రావాలి. వాడి చేతిలో పనితనం ఉంది, బైకు టైరు భాగం వాడే నేర్పాలని నా కోరిక. అబ్బాయీ, ఇది చదువుతుంటే, ఈ రోజే దిగి నట్లు ఒకసారి చూసుకో నాయనా. అట్లే బ్యాలెన్సింగ్ చేయించుకో.

మీటింగు దాకా ఆగలేని వాళ్లకు, నా దగ్గర టార్క్ రెంచి ఒకటి ఉంది, శూళగిరి తరువాత కొన్నది. అడిగి తీసుకుపోండి. వాడినాక అంకెను పూర్తిగా కిందికి తిప్పి ఇవ్వండి. బిగించి పెట్టేస్తే లోపలి స్ప్రింగు అలసి అబద్ధం చెబుతుంది.