జోస్యపు చీట్లా, తోలుబంతియా?

గత నెల మన కార్యవర్గ సమావేశమున ఒక ప్రతిపాదన వచ్చినది. ప్రతి శనివారము ఈ పత్రిక చివరి పుటలో ఇంగ్లండు ఫుట్‌బాలు లీగు ఆటల పట్టిక వేయవలెననియు, సభ్యులు తలకు ఇరువది రూపాయలు చెల్లించి ఏ జట్టు గెలుచునో ముందుగా వ్రాసి పంపవలెననియు, ఎక్కువగా సరిపోయినవారికి బహుమతి పోగా మిగిలిన సొమ్మును సాయంకాలపు తెలుగు తరగతికి వినియోగింపవలెననియు దాని సారాంశము. దీనికి "ఆరోగ్య క్రీడా శీర్షిక" అని పేరు కూడ పెట్టిరి. వచ్చే ఆదివారము గుడియాత్తములో జరుగు సర్వసభ్య సమావేశమున దీనిపై ఓటు తీసికొందురు. మేము దీనిని వ్యతిరేకించుచున్నాము. సమావేశములలో ఒకరి మాట ఒకరికి వినబడుట అరుదు గనుక మా వాదమును ముందుగానే ఇచ్చట విన్నవించుకొనుచున్నాము.

ఆ పేరులోని ఆరోగ్యమను మాటయే మాకు మొదట నవ్వు తెప్పించినది. ఇంగ్లండులో పగలు మూడు గంటలకు మొదలగు ఆట మనకు వేసవిలో రాత్రి ఏడున్నరకు, చలికాలములో ఎనిమిదిన్నరకు వచ్చును. అచ్చటి సాయంకాలపు ఆట మనకు పది, పదునొకండు గంటలకు గాని మొదలు కాదు. అంతవరకు బజ్జీలు, టీలు. అది ముగిసిన పిమ్మట బిరియాని. మరునాడు ఎనిమిది గంటలకు లేచి, తల పట్టుకొని, తప్పిన జోస్యమునకు కారణములు వెదకుట. ఇందులో క్రీడ ఎచ్చట నున్నది? ఇరువది యిద్దరు పరుగెత్తుచుండగా మనము నములుచున్నాము.

ఇతరులను అనుటకు ముందు మా సంగతి చెప్పుకొనుట న్యాయము. మేమును ఒక సంవత్సరము స్నేహితులతో చేరి, శనివారమునకు ఏబది రూపాయల చొప్పున, 38 వారములు ఈ జోస్యము చెప్పితిమి. వ్యాపారి యలవాటు గనుక చిట్టా వ్రాసి యుంచితిమి. పెట్టినది 1,900 రూపాయలు, వచ్చినది 700. ఆ చిట్టాలో చేరనిది మరియొకటి కలదు. ఆ సంవత్సరమే మా బరువు ఆరు కిలోలు పెరిగినది. రక్తపరీక్షలో చక్కెర బయటపడినది. ఇరువది యేండ్లుగా దుకాణములో కూర్చున్న చోటనే కూర్చున్న దేహమునకు శనివారపు రాత్రి కూడ కుర్చీయే చూపితిమి.

"అన్నగారూ, ఇది జూదము కాదు, ఆటల జ్ఞానము" అని ఒక యువ సభ్యుడు మాతో వాదించెను. ఆ జ్ఞానమును లెక్కలో పెట్టి చూతము. ఆ లీగులో ఒక వారమునకు పది ఆటలు. ఒక్కొక్క ఆటకు గెలుపు, ఓటమి, సమము అని మూడు ఫలితములు. మూడును పది మార్లు హెచ్చించిన 59,049 వచ్చును. అన్నియు సరిగా చెప్పు చీటీ అందులో ఒక్కటియే. వృత్తిగా పందెములు కట్టించుకొను ఇంగ్లండు సంస్థలే 2015లో లెస్టరు జట్టు లీగు గెలుచుటకు ఒకటికి అయిదువేలు ఇత్తుమనెను. 2016లో ఆ జట్టే గెలిచినది. అన్నము తినుటయే ఆ పనిమీద నున్న వారికి తెలియనిది మన గుడియాత్తము టీ దుకాణమునకు తెలియునా?

ఈ చీట్ల వ్యాపారమునకు పెద్ద చరిత్రయే కలదు. 1923లో లివర్‌పూలు నగరమున జాన్ మూర్స్ అనునాయన లిటిల్‌వుడ్స్ పేరుతో దీనిని ప్రారంభించి మహా ధనవంతుడయ్యెను. చీట్లు వ్రాసినవారిలో ఎందరు ధనవంతులైరో వేరుగా చెప్పనక్కరలేదు. 1963 జనవరిలో ఆ దేశమున మంచు గడ్డకట్టి మైదానములు ఆటకు పనికిరాక పోయినవి. అయినను చీట్ల వ్యాపారము ఆగలేదు. కొందరు ప్రముఖులను ఒక గదిలో కూర్చుండబెట్టి, జరుగని ఆటలకు ఫలితములు చెప్పించి, వాని ప్రకారము సొమ్ము పంచిరి! ఆట లేకున్నను జోస్యము నడచునని అప్పుడే తేలిపోయినది.

అందుకు కొలది నెలలు ముందు, 1962లో, జకార్తా ఆసియా క్రీడలలో మన దేశపు జట్టు తొలి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో రెండు గోలులతో ఓడినది. ఆనాడు ఎవరైన జోస్యము వ్రాసియుండిన మన జట్టుపై రూపాయి పెట్టెడివారు కారు. సెప్టెంబరు 4న అదే కొరియాను 2–1తో గెలిచి స్వర్ణపతకము తెచ్చిరి. ఆ జట్టును తీర్చినవాడు హైదరాబాదు ఉపాధ్యాయుడు సయ్యద్ అబ్దుల్ రహీం. అతడు పెంచిన హైదరాబాదు పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదు మార్లు రోవర్సు కప్పు గెలిచినది. జకార్తా పతకము వచ్చిన మరుసటి యేడే, 1963 జూనులో, క్యాన్సరు వ్యాధితో ఆయన కన్నుమూసెను. మన ఇండ్లలోని పిల్లలను అడుగుడు: మాంచెస్టరు జట్టులో పదునొకండుగురి పేర్లు చెప్పుదురు, రహీం పేరు చెప్పలేరు. తెలుగు సంఘపు పత్రికలో చివరి పుట ఖాళీగా నున్నచో దానిని నింపవలసినది ఈ కథ.

ఇక చట్టము మాట. తమిళనాడులో 2003లో లాటరీని నిషేధించిరి. కూలి డబ్బు టిక్కెట్లకు పోసిన నేత కుటుంబముల గతి చూచినవారు మనలో ఇంకను ఉన్నారు. 2022లో శాసనసభ ఆన్‌లైను జూదముపై చట్టము చేసినది. 2025 ఆగస్టులో పార్లమెంటు, నేర్పా అదృష్టమా అను తర్కమునకు తావీయక, సొమ్ము పెట్టి ఆడు ఆన్‌లైను ఆటలనన్నిటిని నిషేధించినది. మాది కాగితపు చీటీ, ఆ చట్టములు మాకు తగులవు అని ప్రతిపాదకులు అనుచున్నారు. న్యాయవాదులు ఏమందురో గాని, మా ప్రశ్న వేరు. 2006 చట్టము పిమ్మట బడులలో మన భాషకు చోటు కుంచించుకొనిపోగా, మనము చందాలెత్తి సాయంకాలపు తరగతిని నిలుపుకొనుచున్నాము. ఆ తరగతిలో అ ఆలు దిద్దు పిల్లవాడు "ఈ పలక ఎట్లు వచ్చినది?" అని అడిగిన, "మీ నాన్న ఓడిన ఇరువది రూపాయలతో" అని చెప్పుదుమా?

ఆరోగ్య శీర్షిక కావలెనన్న కోరికను మాత్రము మేము త్రోసివేయము. భారత వైద్య పరిశోధన మండలి 2023లో ప్రకటించిన లెక్క ప్రకారము దేశములో 10 కోట్లకు పైగా మధుమేహ రోగులున్నారు. పెద్దలు వారమునకు కనీసము 150 నిమిషములు ఒడలు వంచి కదలవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. మన దేశపు పెద్దలలో ఇంచుమించు సగము మంది అంతమాత్రము కూడ కదలుట లేదు. గుడియాత్తము నేత సోదరులు "మాకు మగ్గమే వ్యాయామము" అందురు. మగ్గములో కాళ్లు ఆడును, నిజమే. కాని నడుము వంగియే యుండును. డెన్మార్కు దేశమున పీటర్ క్రుస్ట్రుప్ అను ఆచార్యుడు, రక్తపోటు గల నడివయసు పురుషులచేత చిన్న చిన్న జట్లుగా వారమునకు రెండు మూడు మార్లు, గంటసేపు ఫుట్‌బాలు ఆడించి చూడగా రక్తపోటు తగ్గినది. పరుగెత్తలేనివారికి ఇంగ్లండులోని చెస్టర్‌ఫీల్డులో 2011లో నడక ఫుట్‌బాలు పుట్టినది. అందు ఎవరును పరుగెత్తరాదు. ఒక పాదము ఎల్లప్పుడు నేలనుండవలెను. మోకాళ్లు నొచ్చు మావంటివారికి ఇంతకంటె ఏమి కావలెను? గుండెజబ్బు గలవారు మాత్రము వైద్యుని అడిగి రావలెను. వెల్లూరు ఎండకు భయపడువారికి ఉదయము ఆరు గంటలు ఉండనే యున్నవి.

కావున సర్వసభ్య సమావేశమున మేము ఈ సవరణ తెచ్చెదము: జోస్యపు పట్టిక వద్దు; ప్రతి ఆదివారము ఉదయము ఆరు గంటలకు వెల్లూరులోను గుడియాత్తములోను నలువది దాటినవారు నడక ఫుట్‌బాలును, పిల్లలు అసలు ఫుట్‌బాలును ఆడవలెను; చీటీకి తీసిన ఇరువది రూపాయలను తరగతి హుండీలో నేరుగా వేయవలెను. సవరణ ఓడి ప్రతిపాదన నెగ్గినచో ఆ చీట్ల సొమ్మును మేము మా చేతితో లెక్కపెట్టము. కోశాధికారి తాళములు అచ్చటనే బల్లమీద పెట్టెదము.

రెండు బంతులు కొని గాలి కొట్టించి దుకాణములో ఉంచితిమి. గుడియాత్తమునకు రావలసిన బంతిని ఆదివారము మాతోనే తెచ్చెదము.