పొలమారడం పసిపిల్లల సంగతేనా?

మొన్న ఒక పెళ్ళిలో, నాకు బాబాయి వరసయ్యే పెద్దాయనకి భోజనం మధ్యలో మటన్ ముక్క పొలమారింది. మొహం ఎర్రబడిపోయి, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చుట్టూ ఉన్నవాళ్ళు మాడు మీద చరిచారు, నోటికి నీళ్ళ గ్లాసు అందించారు. "ఎవరో తలుచుకుంటున్నార్లే బాబాయ్" అని ఒకడు నవ్వాడు. కాసేపటికి దగ్గు ఆగింది. ఒకసారి డాక్టరుకి చూపిద్దామని నేనంటే, "ఆయనేమన్నా చంటిపిల్లాడా, బలపం మింగడానికి!" అని నలుగురూ నా మీద పడ్డారు. ఆ మాటకే నాకు ఒళ్ళు మండింది.

ఊపిరితిత్తుల్లోకి ఏదైనా పోవడం పిల్లలకే జరుగుతుందని మనవాళ్ళకి గట్టి నమ్మకం. పిల్లాడికి పల్లీ గింజ పొలమారితే ఇంటిల్లిపాదీ ఆస్పత్రికి పరిగెడతారు. అరవై ఏళ్ళవాడికి అదే జరిగితే నవ్వి ఊరుకుంటారు. మింగేటప్పుడు గాలిగొట్టం మీద మూత పడాలి. ఆ క్షణంలో మాట్లాడినా నవ్వినా మెతుకు దారి తప్పుతుంది. ఆ మూతకి వయసుతో పట్టు తగ్గుతుంది. పక్షవాతం వచ్చినవాళ్ళకి, పార్కిన్సన్స్ ఉన్నవాళ్ళకి, మందు తాగి భోజనానికి కూర్చున్నవాళ్ళకి, నిద్రమాత్రలు వేసుకునేవాళ్ళకి ఇంకా తగ్గుతుంది. అంగిలిని కప్పేసే కట్టుడు పళ్ళ సెట్టు పెట్టుకున్నవాళ్ళకి నోట్లో ఎముక ముక్క ఉన్నా సరిగా తెలియదు. వీళ్ళలో పసిపిల్లలెవరు?

చరిత్ర చూసినా అంతే. 1843లో ఇంగ్లండులో రైల్వే ఇంజనీరు బ్రూనెల్ పిల్లలకి గారడీ చూపిస్తూ నోట్లో పెట్టుకున్న బంగారు నాణెం లోపలికి జారి కుడి ఊపిరితిత్తి గొట్టంలో ఇరుక్కుంది. గొంతు కోసి పట్టకారుతో ప్రయత్నించినా రాలేదు. చివరికి ఆయన్ని బల్లకి కట్టి తలకిందులు చేస్తే బయటపడింది. అప్పటికి దాదాపు ఆరు వారాలు గడిచాయి. 1897లో జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో గుస్తావ్ కిలియన్ అనే డాక్టరు నోటిగుండా గొట్టం దించి, ఊపిరితిత్తిలో ఇరుక్కున్న పంది ఎముక ముక్కని తీశాడు. ఆ రోగి అరవై దాటిన రైతు. ఈనాటి బ్రాంకోస్కోపీకి నాంది అదే. ఆ విద్య మొదలైందే ఒక పెద్దవాడి భోజనంతో.

నా అసలు కోపం ఆ తర్వాత జరిగే దాని మీద. పెద్దవాళ్ళ గాలిగొట్టం వెడల్పుగా ఉంటుంది కాబట్టి చిన్న ముక్క పైన అడ్డుపడకుండా కిందికి జారుతుంది. కుడివైపు గొట్టం వెడల్పుగా, నిటారుగా ఉంటుంది గనక ఎక్కువగా అటే పోతుంది. మొదట ఉక్కిరిబిక్కిరి చేసే దగ్గు, తర్వాత నెమ్మది. అందరూ మరిచిపోతారు. వారాలకో నెలలకో దగ్గు, జ్వరం, కంపు కొట్టే కఫం, ఒకే చోట మళ్ళీ మళ్ళీ నిమ్ము. ఎక్స్‌రేలో లోహం కనిపిస్తుంది. చింతగింజ, వక్క, మాంసం ముక్క కనిపించవు. "ఎక్స్‌రే బాగానే ఉంది" అనే ఒక్క ముక్క చెప్పి పంపించేస్తారు.

మా బంధువు ఒకాయన నెలల తరబడి దగ్గాడు. ఒక డాక్టరు ఉబ్బసమని పీల్చే మందు ఇచ్చాడు. ఇంకొకాయన కఫంలో ఏమీ దొరకకపోయినా టీబీ మాత్రలు మొదలుపెట్టాడు. భోజనం కాగానే వక్క నమలడం ఆయనకి అలవాటు. "ఎప్పుడైనా గట్టిగా పొలమారిందా?" అని ఒక్కరూ అడగలేదు. చివరికి బ్రాంకోస్కోపీ చేస్తే నల్లబడిన వక్క ముక్క దొరికింది. దాని చుట్టూ కండ పెరిగి, తాకితే రక్తం కారుతోందని చెప్పారు. పరీక్షలకి వేలకి వేలు పోయించినవాళ్ళకి ఆ ఒక్క ప్రశ్న అడిగే తీరిక లేకపోయిందా?

ఇంట్లో మనమూ తక్కువ తినలేదు. పెళ్ళికూతురికి చీర కట్టేవాళ్ళు పెదాల మధ్య పిన్నులు పెట్టుకునే కబుర్లు చెబుతారు. వడ్రంగి నోట్లో మేకులు, దర్జీ నోట్లో గుండుసూదులు. ఒక్క తుమ్ము చాలు. ఇక బఫే భోజనాలు! ఒక చేతిలో ప్లేటు, ఇంకో చేతిలో ఫోను, నోట్లో బిర్యానీ, మధ్యలో నవ్వులు. పంక్తిలో కూర్చోబెట్టి "మాట్లాడకుండా తినండర్రా" అని గదమాయించిన పెద్దల మాట మనకి చాదస్తమైపోయింది.

మాడు మీద చరచడం వల్ల ఒరిగేదేమీ లేదు. ఊపిరాడని మనిషి నోట్లో నీళ్ళు పోస్తే అవీ గాలిగొట్టంలోకే పోవచ్చు. గట్టిగా దగ్గగలిగితే దగ్గనివ్వాలి. దగ్గలేక, మాట పెగలక గొంతు పట్టుకుంటే మనిషిని ముందుకి వంచి రెక్కల మధ్య అరచేత్తో అయిదు గట్టి దెబ్బలు వేయాలి. అప్పటికీ రాకపోతే వెనకనుంచి పట్టుకుని బొడ్డుకి కాస్త పైన అయిదుసార్లు లోపలికీ పైకీ గుంజాలి. హైమ్లిక్ అనే డాక్టరు ఈ పద్ధతిని 1974లోనే లోకానికి చెప్పాడు. గర్భిణులకైతే పొట్ట మీద కాకుండా రొమ్ము ఎముక మీద నొక్కాలి. కల్యాణమండపాల్లో వడ్డించేవాళ్ళకి, బడుల్లో పిల్లలకి ఇది నేర్పించాలి. ఎవరు పూనుకుంటారో గానీ, పూనుకోవాలి.

అంతవరకు మీ చేతిలో ఉన్నది ఒకటుంది. దగ్గు వారాలు దాటినా తగ్గకపోతే, అంతకుముందు ఎప్పుడైనా పొలమారి ఉంటే, డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి. ఎక్స్‌రే బాగుందన్నా వదలకండి. సీటీ స్కాన్, బ్రాంకోస్కోపీ అవసరమా అని నిలదీసి అడగండి.